బట్టలు వదులయ్యాయా?

మా యూనిట్‌కు కొత్తగా వచ్చే పేషెంట్లు నన్ను మొదట దర్జీ అనుకుంటారు. నా కోటు జేబులోంచి పసుపుపచ్చ టేపు కొస ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. నెలకోసారి ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టి నడుం కొలుస్తాను, బెల్టు కింద రెండు వేళ్లు పెట్టి లాగి చూస్తాను. కోటు కుట్టిస్తున్నావా నాయనా అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. చేసుకోనీ. ఒకప్పుడు ఈ టేపును నేను అంతకన్నా ఎక్కువే ఎగతాళి చేశాను.

నేను డయాలిసిస్ టెక్నీషియన్ని. కిడ్నీలు చేయాల్సిన పనిని మెషిన్ నాలుగు గంటల పాటు చేస్తుంటే పక్కనుండి చూసుకునే ఉద్యోగం. నేను సూది గుచ్చితే దోమ కుట్టినంత నొప్పి కూడా ఉండదని నాకు పేరుంది. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని మా బావ అనేవాడు.

బావంటే మా అక్క భర్త. దర్జీ. ఆ వేసవిలో కిటికీ పక్కనున్న నాలుగో నంబరు మంచం తనది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే వచ్చేవాడు, మెడలో టేపు వేసుకునే. తీసి పక్కన పెట్టమంటే, అది లేకపోతే మెడ బోసిగా ఉంటుందనేవాడు. నన్ను పేరుతో పిలిచింది తక్కువ. నీళ్లు తీసే ఉద్యోగం కాబట్టి ‘నీళ్ల డాక్టరు’ అని పెట్టాడు, వార్డంతా అదే ఖాయం చేసుకుంది.

మా పనంతా తూకం మీదే నడుస్తుంది. కిడ్నీలు ఆగిపోయిన మనిషి తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ నీరంతా తీసేశాక మనిషికి మిగలాల్సిన బరువొకటి ఉంటుంది, దాన్ని డ్రై వెయిట్ అంటాం. బావ డ్రై వెయిట్ అరవై రెండు కిలోలు. అరవై నాలుగుతో వస్తే, రెండు కిలోల నీరు తీయమని మెషిన్‌కు చెప్తాను. నాలుగు గంటలయ్యాక మళ్లీ తూకం ఎక్కిస్తే ముల్లు అరవై రెండు మీద నిలబడుతుంది. అప్పుడు ఇంటికి పంపిస్తాను.

అక్క కిడ్నీ బావకు సరిపోతుందని ఆ ఏడాది మొదట్లోనే తేలింది. పెద్దాసుపత్రిలో వేసవి చివరికి ఆపరేషన్ తారీఖు ఇచ్చారు. ఇస్తూ సర్జన్ ఒక మాట అన్నాడట. ఈ మూడు నెలల్లో మనిషి చిక్కిపోకూడదు, చిక్కిపోయిన ఒంటికి నేను కత్తి పెట్టను, వాయిదా వేస్తాను అని. ఆ మాట అక్క మనసులో నాటుకుపోయింది. ప్రతి డయాలిసిస్ తర్వాతా నాకు ఫోన్ చేసేది. ఎలా ఉన్నాడనీ అడగదు, నేను తిన్నానా అనీ అడగదు.

“ఎంత?”

“అరవై రెండు.”

“అమ్మయ్య,” అని పెట్టేసేది.

ఆ ‘అమ్మయ్య’ కోసం నేను వారానికి మూడు రోజులు ఎదురుచూసేవాణ్ని. చిన్నప్పుడు నా పలకలు, నా జ్వరాలు, నా దెబ్బలు అన్నీ చూసుకున్నది అక్కే. నా చేత్తో తనకు ఇవ్వగలిగిన అంకె ఒకటి దొరికినందుకు గర్వంగా ఉండేది, దాచుకోవడం దేనికి.

వేసవంటే అందరికీ సెలవులు, దర్జీకి మాత్రం ఊపిరాడని కాలం. బడులు తెరిచేలోపు యూనిఫాంలు కుట్టి ఇవ్వాలి. బావ ఇంటి ముందు గదే కొట్టు. ఆ ఏడు ఒక బడి యూనిఫాంలన్నీ తనే ఒప్పుకున్నాడు. మొదటి నెల తెల్ల చొక్కాలు, రెండో నెల నీలం లాగులూ గౌన్లూ, చివర్లో ఆటల పూట వేసుకునే ఎర్ర బనీన్లు. ఆపరేషన్ ముందుంచుకుని ఇంత పని ఎందుకని నేనంటే, పడుకుంటే రోగినని గుర్తొస్తుంది, మిషన్ తొక్కుతుంటే దర్జీనని గుర్తుంటుంది అన్నాడు.

మా యూనిట్‌లో నెలకోసారి ఒక్కో పేషెంటుకు ఒక కాగితం నింపాలి. ఆకలి ఎలా ఉంది, నడిస్తే ఆయాసం వస్తోందా, ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటున్నారు, బట్టలు వదులయ్యాయా, ఇలా ఏడు ప్రశ్నలు. వినడానికి ఊసుపోక అడిగినట్టు ఉంటాయి గానీ వాటి వెనక పెద్ద కథే ఉంది. ఈ జబ్బులో కొందరు లోలోపల చిక్కిపోతారు. కండ పోయిన చోటికి నీరు చేరుతుంది. కిలో కండకూ కిలో నీటికీ తూకం తేడా చెప్పలేదు. బట్టలు చెప్తాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే పడుకున్నప్పుడు ఊపిరాడదు, అందుకని మనిషి దిండు మీద దిండు పేరుస్తాడు. అప్పుడు డ్రై వెయిట్ తగ్గించి రాసి, ఆ దొంగ నీటిని కూడా తీసేయాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది కూడా నేనే.

మొదటి నెల కాగితాలు నింపేటప్పుడు మూడో మంచం కండక్టరును ఏడు ప్రశ్నలూ అడిగాను. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. మెషిన్ తిరగడం మొదలవగానే “రైట్, రైట్” అని కేకేస్తాడు, అయిపోగానే “దిగేవాళ్లు దిగండి” అంటాడు. ఆయన కాగితం పూర్తి చేసి నాలుగో మంచం దగ్గరికి వచ్చాను. బావ కునుకు తీస్తున్నాడు. లేపడం దేనికనిపించింది. వారానికి నాలుగు పూటలు ఆ ఇంట్లో తింటున్నవాణ్ని, నాకు తెలియంది ఏముంది? ఆకలి బాగుంది అని రాశాను. దిండ్లు, ఒకటి. బట్టలు వదులయ్యాయా అన్నదానికి ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

అది జరిగిన వారానికేమో, బావ మంచం మీద కూర్చుని తన టేపు నడుం చుట్టూ తిప్పుకుని చూసుకుంటున్నాడు.

“ఒరేయ్ నీళ్ల డాక్టరూ, నా నడుం అరంగుళం తగ్గిందిరా,” అన్నాడు.

బావ నడుం ముప్పై నాలుగు. పెళ్లినాటి నుంచీ అదే నడుమని, ఊళ్లో తన ఈడువాళ్లెవరికీ అలా నిలవలేదని ఎప్పుడూ గొప్పలు పోయేవాడు. అందుకని నాకు ఎగతాళికి మంచి అదను దొరికినట్టయింది.

“నీ టేపు సాగింది బావా. ఎండలు చూశావా ఎలా ఉన్నాయో?” అన్నాను.

కండక్టరు పకపకా నవ్వాడు. టేపు సాగిన దర్జీ కుట్టిన లాగులతో ఈ ఏడు బడిపిల్లలు ఏం పాట్లు పడతారోనన్నాడు. నర్సు కూడా నవ్వింది. బావ కూడా నవ్వాడు. కానీ బుధవారం వచ్చినప్పుడు తూకం ఎక్కుతూ, ఎవరికీ వినపడకుండా నాకు చెప్పాడు, ఇంట్లో ఇనప స్కేలు పక్కన పెట్టి చూశాననీ, టేపు వెంట్రుకవాసి కూడా సాగలేదనీ.

వృత్తి పట్టింపు ఉన్న మనిషి కదా, మాట పడలేదనుకున్నాను. నాలుగు గంటలయ్యాక తూకం మీద నిలబెట్టి ముల్లు చూపించాను. అరవై రెండు.

“ఎవరు అబద్ధమాడతారు బావా, ముల్లా? గుడ్డ పేలికా?”

బావ ముల్లును చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు, కాస్త సేపే చూశాడు. నేను నవ్వుతూ ఉండి ఉంటాను.

“నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు,” అని చెప్పులేసుకున్నాడు.

మళ్లీ నడుం సంగతి నా దగ్గర ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఎండలు ముదిరాయి. పేషెంట్లందరూ దాహానికి ఓర్చుకోలేక కిలోలకు కిలోలు నీళ్లతో వచ్చేవాళ్లు. కండక్టరు ఒకసారి ఐదు కిలోలతో వచ్చి, గొడుగు లేకుండా వానలో తడిశానని బుకాయించాడు, ఆకాశంలో మబ్బు తునక లేదు. బావ ఒక్కడే రెండు కిలోలు దాటనివ్వలేదు. రోజుకు ఒక సీసా నీళ్లు, అదీ కొలిచి, ఎండ మరీ మండితే నోట్లో ఒక ఐసుముక్క. అందరికీ బావను చూపించి బుద్ధులు చెప్పేవాణ్ని. చూశారా, మా బావ, ఇన్ని వారాల్లో అరవై రెండు అటూ ఇటూ కదల్లేదు అని.

రెండో నెలలో బావకు బీపీ పెరగడం మొదలైంది. మా డాక్టరమ్మ వారానికోసారి వచ్చి అందరి కాగితాలూ చూస్తుంది. ఒక మాత్ర పెంచింది, పై వారం ఇంకొకటి. మూడో వారం కాగితం చేతిలో పట్టుకుని ఆగి, డ్రై వెయిట్ ఒకసారి చూడకూడదా అని నన్నడిగింది. నిలకడగా ఉంది మేడమ్, ఆకలి బాగుంది, బట్టలు కూడా వదులవ్వలేదు అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆమె కాగితం మీద నా రాత చూసింది, నా సంతకం చూసింది.

“సరేలే. మీ బావ సంగతి నీకంటే నాకెక్కువ తెలుసా?” అంది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా విషయంలో అందరూ పెరటి చెట్టునే నమ్మారు, అదే వచ్చిన చిక్కు.

ఒక ఆదివారం భోజనానికి వెళ్లాను. ముందు గదిలో నీలం గుడ్డ తానులు మోకాలెత్తు పేర్చి ఉన్నాయి. బావ కత్తిరించే బల్ల దగ్గరి కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్నాడు, తల ఒక పక్కకి ఒరిగి ఉంది. రెండ్రోజులకోసారి అక్కడే నిద్రపోతున్నాడని అక్క చెప్పింది. పడక గదిలో గాలాడటం లేదని అంటున్నాడట. నేను ఫ్యాను వైపు చూశాను. ఎండాకాలం, రేకుల ఇల్లు, ఎవరికి మాత్రం గాలాడుతుంది? టేబుల్ ఫ్యాను ఒకటి కొనిపెడతానన్నాను. మర్నాడు కొని తెచ్చాను కూడా. అది నేను చేసిన వైద్యం.

ఆ ఆదివారం తింటూ మధ్యలో దగ్గాడు. గుడ్డ నూగు అని తనే అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ నూగు పీలుస్తున్న మనిషికి ఆ వేసవిలోనే దగ్గెందుకు వచ్చిందని ఎవరమూ అడగలేదు.

డయాలిసిస్ కోసం బావ ఎడమ ముంజేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ చెవి పెడితే జుయ్యిమని ఆగకుండా ఒక చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఉన్నంతకాలం ఆ నాళం పనిచేస్తున్నట్టు. పొద్దున లేవగానే ఒకసారి వినమని అక్కకు నేనే నేర్పాను. అక్క రోజుకు నాలుగైదు సార్లు వినేది. ఆ రోజు కూడా కంచాలు తీస్తూ, దారిలో ఆగి, కుర్చీలో ఉన్న బావ చేతి మీదికి వంగి చెవి పెట్టింది. నా మిషన్‌కు నూనె వేయాలా అని బావ కళ్లు తెరవకుండానే అడిగాడు. అక్క నవ్వు ఆపుకోలేక కంచంలోని నీళ్లు వాళ్లిద్దరి మీదా ఒలకబోసింది. ఆ వేసవి మొత్తంలో నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది ఈ ఒక్క పూటనే. తలుచుకున్నప్పుడల్లా ఆ దగ్గు కూడా వినిపిస్తుంది.

ఆపరేషన్‌కు పది రోజులుందనగా అక్కకు జ్వరం వచ్చింది. మామూలు జలుబు జ్వరమే. కానీ కిడ్నీ ఇచ్చే మనిషికి తుమ్ము వచ్చినా పనికిరాదు. తారీఖు మూడు వారాలు వాయిదా వేశారు. అక్క మంచం మీదనుంచి లేవకుండానే ఏడ్చింది, ఇన్నేళ్లూ రాని జ్వరం నాకిప్పుడే రావాలా అని. బావ గుమ్మంలో నిలబడి, మంచిదే అయింది, ఎర్ర బనీన్లు ఇంకా అరవై మిగిలాయి అన్నాడు. నేను అక్క పక్కన కూర్చుని ధైర్యం చెప్పాను. మూడు వారాలెంతసేపు, అరవై రెండు తగ్గకుండా చూసుకునే పూచీ నాది అన్నాను.

ఆ వారంలోనే మూడో నెల కాగితం నింపాను. అప్పటికి అలవాటైపోయింది. పెన్ను ఆగకుండా కిందిదాకా పోయింది. లేదు.

మా యూనిట్‌కు ఆదివారం సెలవు. శుక్రవారం మెషిన్ మీద నుంచి దిగినవాళ్లు మళ్లీ సోమవారం దాకా ఆగాలి. కిడ్నీ జబ్బువాళ్లకు అన్నిటికన్నా పొడవైన గండం అదే. ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. మొదటిసారి ‘ఎంత?’ అని అడగలేదు. మీ బావ కూర్చున్నా ఊపిరాడక కొట్టుకుంటున్నాడు, పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నా, నువ్వు రా అంది.

నేను వెళ్లేసరికి బావను అత్యవసర గదిలో కూర్చోబెట్టి ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి ఉన్నాడు. నన్ను చూసి కనుబొమ్మలెత్తాడు. నీళ్ల డాక్టరొచ్చాడు అన్నట్టు. నేను కాళ్లు నొక్కి చూశాను. వాపు లేదు. తర్వాత చొక్కా ఎత్తి చూశాను. మూడు నెలలుగా బావ ఒంటిని నేను చేతి దగ్గరే తప్ప ఎక్కడా చూడలేదని అప్పుడు తెలిసింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. భుజాల దగ్గర గుంటలు. ఈ మనిషిని వీధిలో ఎవరైనా చూపించి ఉంటే, డ్రై వెయిట్ తగ్గించమని పరుగెత్తి చెప్పేవాణ్ని.

డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నవాడే. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తులు రెండూ తెల్లగా నీళ్లతో నిండి ఉన్నాయి. డ్రై వెయిట్ ఎంత పెట్టారని అడిగాడు. అరవై రెండు అన్నాను. అతను బావ వైపు తిరిగి చూసి, మళ్లీ నన్ను చూశాడు.

“ఈ మనిషి యాభై ఏడు కిలోలు కూడా ఉండడు. మిగతాదంతా నీళ్లే. ఆఖరుసారి ఎవరు చూసి రాశారు?”

అక్క నా పక్కనే ఉంది. కానీ అప్పుడే నర్సు తనను సంతకం కోసం పిలిచింది. నేను జవాబు చెప్పలేదు. అతనికి కూడా నా జవాబు కోసం ఆగే తీరిక లేదు, మెషిన్ సిద్ధం చేయమని కేకేస్తూ వెళ్లిపోయాడు.

మెషిన్ పక్కన గోడకానుకుని నిలబడ్డాను. ఆ నిమిషంలో ఒకటో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యే విషయం నాకు అర్థమైంది. అరవై రెండు దగ్గర ఆపమని మెషిన్‌కు నేను చెప్పాను. అది ఆపింది. ఆగిందని నేను సంతోషించాను. ముల్లు మీద నేను చూసి మురిసిపోయింది బావ బరువు కాదు, నా చేత్తో నేను పెట్టిన అంకె. బావ నలభై కిలోలకు చిక్కినా ఆ ముల్లు అరవై రెండే చూపించేది, మిగతాది నీళ్లతో నింపి. మూడు నెలలు అక్క నన్ను ఎంత అని అడిగింది, మూడు నెలలు నేను నా అంకెనే తనకు తిరిగి చెప్పాను.

గొట్టాలు తగిలిస్తుండగా బావ గుండె ఆగింది. అరగంట ప్రయత్నించారు. ఎడమ చేతి మీద నేను వేళ్లు పెట్టి ఉన్నాను, ఆ జుయ్యిమనే చప్పుడు ఏ క్షణంలో ఆగిందో నా వేళ్లకు తెలుసు.

నాలుగు రోజులకు వానలు మొదలయ్యాయి. అక్క ఎవరితోనూ మాట్లాడేది కాదు. మాట్లాడితే ఒకటే మాట, నాకు ఆ జ్వరం రాకపోతే అని. చుట్టాలు ఓదార్చేవాళ్లు, జ్వరం నీ చేతిలో ఉందా అని. అంతమందిలో నేనూ తలూపేవాణ్ని. ఆ తలూపడం గురించి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నోరు తెరిస్తే అక్క మీది బరువు దిగుతుందని తెలుసు. ఆ బరువు ఎవరి మీదికి ఎక్కుతుందో కూడా తెలుసు.

నేను డ్యూటీకి వెళ్లాను. నాలుగో మంచం మీద వేరే ఆయన. కండక్టరు ఆ వారం రైట్ అనలేదు. నెల తిరగ్గానే బడులు తెరిచారు. వానలో గొడుగులేసుకుని పిల్లలు గుంపులుగా వెళ్తుంటే, కాలర్ల కుట్టు చూసి బావ చేతిదని గుర్తుపట్టేవాణ్ని. నేను పొద్దున్నే యూనిట్‌కు వెళ్లే దారి పొడుగునా బావ కుట్టిన చొక్కాలే ఎదురొచ్చేవి. దారి మార్చుకున్నాను. ఆ దారిలో కూడా వచ్చాయి.

ఒకరోజు మధ్యాహ్నం అక్క రమ్మని కబురు పెట్టింది. ముందు గది ఖాళీగా ఉంది, మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. బావ పాంట్లు నాలుగు మడిచి బల్ల మీద పెట్టింది. మంచి గుడ్డ, పారేయడానికి మనసొప్పట్లేదు, నువ్వు వేసుకో అంది. అక్క మాట తీసేయలేక పైనున్న బూడిద రంగు పాంటు తీసి నడుం దగ్గర పెట్టుకున్నాను. డయాలిసిస్‌కు బావ ఎప్పుడూ వేసుకొచ్చే పాంటు అది. నా నడుం ముప్పై రెండు. ముప్పై నాలుగు నడుం పాంటు నాకు వదులుగా ఉండాలి. రెండు కొసలూ కలవలేదు.

తిప్పి లోపలి వైపు చూశాను. వెనక నడిమి కుట్టు దగ్గర, మొదటి బూడిద రంగు కుట్టుకు లోపలగా, ఒకదాని పక్కన ఒకటి మరో మూడు కుట్లున్నాయి. ఊళ్లోవాళ్ల బట్టల మీద దారం రంగు ఒక్క వీసం తేడా వచ్చినా విప్పి మళ్లీ కుట్టే మనిషి, తన పాంటుకు మాత్రం మిషన్‌లో ఏ దారం ఉంటే ఆ దారంతోనే లాగించేశాడు. ఆ మూడింటిలో మొదటిది తెల్ల దారం. రెండోది నీలం. మూడోది ఎరుపు.

చొక్కాల నెల, లాగుల నెల, బనీన్ల నెల. నేను ‘లేదు’ అని రాసిన మూడు నెలలు.

బట్టలు వదులవ్వలేదు, నిజమే. వదులైనప్పుడల్లా దర్జీ ఊరుకుంటాడా?

“అక్కా,” అన్నాను. “నీ జ్వరం వల్ల కాదు.”

అక్క నా వైపు చూసింది. నేను నిలబడే అంతా చెప్పాను. కాగితం సంగతి, ఏడు ప్రశ్నల సంగతి, పడుకున్న బావను లేపకుండా నేను రాసిన జవాబుల సంగతి, టేపు సాగిందని నవ్వడం, డాక్టరమ్మ అడిగితే నేను చెప్పింది, అరవై రెండు ఎవరి అంకో. ఎక్కడా నన్ను వెనకేసుకు రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు, అయినా పట్టుకున్నాను. అక్క కొడుతుందనుకున్నాను. ఇంట్లోంచి పొమ్మంటుందనుకున్నాను. పొమ్మంటే బాగుండుననుకున్నాను.

అక్క పాంటు నా చేతిలోంచి తీసుకుని ఎర్ర కుట్టును బొటనవేలితో నిమిరింది.

“ఇది వేసేటప్పుడు నేను ఇక్కడే ఉన్నా,” అంది. “మళ్లీ తగ్గారు, తమ్ముడికి చెప్తానన్నా. వద్దన్నారు. వాడు అరవై రెండు చూస్తే ముఖం ఎలా వెలుగుతుందో నువ్వు చూడలేదు, వాడి ముఖం చూసి నాకు బతుకుతాననిపిస్తుంది, చెప్పకు అన్నారు. నేను ఊరుకున్నా. చెప్తే ఆపరేషన్ వాయిదా వేస్తారని నాకూ భయమేగా.”

వాన రేకుల మీద పడుతోంది. ఇద్దరం ఏడవలేదు. బల్ల సొరుగు లాగి అక్క బావ టేపు బయటికి తీసింది. పసుపుపచ్చ టేపు, మొదటి అంగుళం దగ్గర అంకెలు అరిగిపోయి ఉంటాయి. పాంటును బల్ల మీద పరిచి, ముడతలు చేత్తో సాపు చేసి, టేపు నాకు అందించింది.

“ఎంత?” అంది.

నేను నడుం పట్టీని రెండు చేతులా సరిచేసి, టేపు ఈ కొస నుంచి ఆ కొసకు పెట్టాను. రెండుసార్లు చూశాను. ముప్పై ఒకటిన్నర.

“రెండున్నర అంగుళాలు తగ్గాడక్కా.”

ఆ ఏడాది మొత్తంలో అక్క అడిగిన ‘ఎంత?’కు నేను కొలిచి చెప్పిన జవాబు అదొక్కటే.